బండి దగ్గర మాట్లాడే మనిషి

నాలుగో అంతస్తులోకి కొత్తగా దిగిన ఆవిడ మొదటిసారి మా తలుపు కొట్టింది బండి చైన్‌కు కొట్టే స్ప్రే కోసం. ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తున్నాను. తలుపు తీస్తే ఎదురుగా పొడుగాటి మనిషి. మోచేతుల దాకా నల్లటి జిడ్డు, ముఖం మీద మాత్రం చిన్న మరక కూడా లేదు.

"వాచ్‌మన్ చెప్పాడండి, ఈ అపార్ట్‌మెంట్లో బండి పని సొంతంగా చేసుకునేది మీ ఇంట్లోనే అని. నా డబ్బా అయిపోయిందండి, కొంచెం స్ప్రే ఇస్తారా?" అని అడిగింది.

నేను లోపలికి కేకేస్తే మా ఆయన టిఫిన్ మధ్యలో లేచి వచ్చాడు. డబ్బా ఇచ్చి పంపిస్తాడనుకున్నాను. డబ్బా తనే పట్టుకుని, చెప్పులేసుకుని, ఆమె వెంట మెట్లు దిగాడు. పెనం మీద దోసె మాడిన వాసన వచ్చేదాకా నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను.

మేముండేది మణికొండలో, ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో. మొదటి అంతస్తు మాది. వంటింటి వెనక బట్టలు ఉతికే చోట గ్రిల్ దగ్గర నిలబడితే కింద సెల్లార్‌లోకి దిగే దారి, దాని పక్కన మా బండి పెట్టే చోటు కనిపిస్తాయి. పూర్తిగా కనిపించవు. మనుషులు నడుము నుంచి కిందికి కనిపిస్తారు. మాటలు వినపడవు, నవ్వులు వినపడతాయి. అసూయపడే మనిషికి ఇంతకంటే పాడు చోటు ఇంకొకటి ఉండదు.

మా ఆయనది మెదక్ దిక్కు, నాది ఇక్కడే నార్సింగి. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే, వేరువేరు కంపెనీల్లో. ఆయన కోడ్ రాస్తాడు, నేను టెస్టింగ్‌లో పని చేస్తాను. అంటే ఇంకొకరు చేసిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నా బతుకుదెరువు. ఇంట్లో కూడా అదే చేస్తానని ఆయన ఫిర్యాదు. ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే, మాట్లాడడని. అడిగినదానికి జవాబు చెప్తాడు, చెప్పిన పని చేస్తాడు, కోపం తెచ్చుకోడు. కానీ నోరు తెరిచి తనంతట తాను ఒక సంగతి చెప్పడం నేను చాలా తక్కువ చూశాను. పుట్టుకతోనే అంత అని మా అత్తమ్మ కూడా అనేది. నేను నమ్మాను.

పెళ్ళికి ముందే కొన్న మోటార్‌సైకిల్ ఆయనది. కంపెనీ వాళ్ళు ఎలా ఇచ్చారో అలా దాన్ని ఎప్పుడూ ఉండనివ్వలేదు. చేతులు గుంజుతున్నాయని హ్యాండిల్ ఎత్తు పెంచాడు. ఫోన్ చార్జింగ్‌కు వైరు లాగి మధ్యలో ఫ్యూజ్ పెట్టాడు. హెడ్‌లైట్ వెలుతురు చాలడం లేదని వేరే బల్బు, దానికి వేరే వైరింగ్. వానలు మొదలవకముందే స్విచ్చులన్నీ విప్పి గ్రీజు పూస్తాడు. క్లచ్ కేబుల్ ఇంకా బాగానే ఉండగానే కొత్తది వేసి, పాతదాన్ని చుట్టి సీటు కింద దాస్తాడు. దారిలో ఆగిపోయిన బండిని చూస్తే చాలు, "ముందుగాల చూసుకోకపోతే గిట్లనే అయితది" అంటాడు. ఆయన ఎదుటివాళ్ళ గురించి చేసే వ్యాఖ్య అదొక్కటే.

ఆదివారాలు ఆయన్ని బండి తీసుకుపోతున్నా నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. ఎందుకంటే ఆ బండి మీద ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద పని నాకోసం చేసింది. పెళ్ళయిన కొత్తలో నాకు నడుము పట్టేసింది. వెనక కూర్చుంటే వీపుకు ఆనుకునేది ఏదైనా ఉండాలని డాక్టరు చెప్పాడు. బజారులో దొరికేవి నాకు కుదరలేదు. ఆయన నన్ను ఆగి ఉన్న బండి మీద కూర్చోబెట్టి, నా వీపు వెనక అట్టముక్క పెట్టి, పెన్సిల్‌తో గీతలు గీసుకుని, దాన్ని బాలానగర్ తీసుకెళ్ళి ఇనుప కడ్డీలు వంచి వెల్డింగ్ చేయించుకొచ్చాడు. దాని మీద స్పాంజి అతికించి రెక్సిన్ గుడ్డ తనే కుట్టాడు. దబ్బనంతో, మా భోజనాల బల్ల మీద. కుట్లు వంకరగా ఉంటాయి. ఆ బ్యాక్ రెస్ట్‌కు ఒరిగి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, కార్లలో కిటికీలు బిగించుకుని నత్తల్లా కదిలేవాళ్ళ పక్క నుంచి, నేను సొంత కుర్చీలో కూర్చుని ఊరేగుతున్నట్టు ఉండేది. నాకు సొంత స్కూటర్ ఉన్నా ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో ఆయన వెనకే వెళ్ళేదాన్ని.

నాలుగో అంతస్తు ఆవిడ వచ్చాక ఆదివారాల లెక్క మారిపోయింది. స్ప్రే అడిగిన వారం తర్వాత, బదులుగా కొత్త డబ్బా తెచ్చి ఇచ్చింది. ఆ పై వారం మా ఆయన ఏదో బోల్టు విప్పలేకపోతుంటే, తన పానా ఇచ్చింది. ఆ తర్వాత ఇద్దరి బండ్లూ పక్కపక్కన పెట్టుకుని పని చేయడం మామూలైంది. ఆవిడది కాకినాడ. కోకాపేటలో ఒక పెద్ద బిల్డింగులో ఉద్యోగం. ఒక్కతే ఉంటుంది. ఎత్తైన బండి, దూరప్రయాణాలకు పనికొచ్చేది. దాన్ని పెద్ద స్టాండ్ మీదికి ఎక్కించేటప్పుడు ఎవరి సాయమూ అడగదు, ఒక కాలితో నొక్కి ఇట్టే లేపేస్తుంది. గ్రిల్ దగ్గర నుంచి నేను ఆ కాలును చాలాసార్లు చూశాను.

మా వైపు ఆడవాళ్ళు మాట కలవగానే అన్నా అనేస్తారు. ఆవిడ అనలేదు. అన్నయ్యగారూ అని కూడా అనలేదు. "గురువుగారూ" అనేది. నాకు అదేం పిలుపో అర్థమయ్యేది కాదు. శిష్యురాలికి గురువుకంటే ఎక్కువ తెలిసినప్పుడు గురువుగారూ అని ఎందుకనాలి? పైగా మా ఆయన పైకి వచ్చి ఆమె గొప్ప చెప్పేవాడు. నోరు తెరవని మనిషి, డీజిల్ వాసనతో సోఫాలో కూర్చుని, ఆమె చక్రం చువ్వలు ఒక్కొక్కటీ పానాతో తట్టి, మోత తేడాను బట్టి ఏది వదులైందో చెప్పేసిందని చెప్పేవాడు. "చెవి మస్తు షార్ప్ ఆమెది" అన్నాడు. తప్పు పట్టుకోవడమే వృత్తిగా బతికే పెళ్ళాం ఎదురుగా కూర్చుని అన్నాడు. ఆరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఆయన మాట్లాడకుండా తిన్నాడు. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

నన్ను నేను చాలా నచ్చజెప్పుకున్నాను. ఇది సెల్లార్, వాచ్‌మన్ కుటుంబం అక్కడే ఉంటుంది, వచ్చేపోయే వాళ్ళంతా చూస్తుంటారు, ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక బండి అడ్డంగా ఉంటుంది. అన్నీ తెలుసు. అయినా ఆదివారం వచ్చిందంటే ఉతకాల్సిన బట్టలు లేకపోయినా గ్రిల్ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఉతికినవే మళ్ళీ తడిపి ఆరేసిన రోజు కూడా ఉంది.

ఒక ఆదివారం గుమ్మం దగ్గర పెట్టే నా ముగ్గు డబ్బా కనపడలేదు. ఇల్లంతా వెతికాను. మా ఆయన్ని అడిగితే, కింద పనికి కావాలంటే తీసుకుపోయిన, తెస్తా అన్నాడు. బండి పనికి ముగ్గుతో ఏం అవసరమో చెప్పలేదు. నేను అడగలేదు. ఇంట్లో ఇంకే వస్తువు ఇచ్చినా బాధపడేదాన్ని కాదు. ముగ్గు డబ్బా నాది. పొద్దున్నే లేచి నా గుమ్మంలో నేను వేసుకునేది. దాన్ని తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడా అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకని కిందికి దిగితే బండి మీద నా బ్యాక్ రెస్ట్ లేదు.

కడ్డీలు దిగే చోట ఉత్త రంధ్రాలున్నాయి. సీటు వెనక బోసిగా ఉంది. నేను హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"నాది ఏది?" అన్నాను.

"తీసిన. జర పనుంది దానితోటి" అన్నాడు మా ఆయన. "ఎక్కు, లేటయితది."

"ఎవరు తియ్యమన్నరు?"

ఆయన హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు. "నాలుగో అంతస్తామె చెప్పింది తీసెయ్యమని" అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు రాదనే అప్పటికి నా నమ్మకం. ఆ రోజు వచ్చి ఉంటే బాగుండేది.

నేను బండి ఎక్కలేదు. స్కూటర్ తాళాలు కూడా తెచ్చుకోలేదు. గేటు బయటికి నడిచి క్యాబ్ పిలుచుకున్నాను. రోజంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే తెర చూస్తూ ఉన్నాను. నా సీటు తీయించింది, రేపు ఇంకేం తీయిస్తుందో అని మనసు ఎక్కడెక్కడికో పోయింది. కాకినాడ నుంచి వచ్చి, నాలుగో అంతస్తులో ఉంటూ, మొదటి అంతస్తులో నా స్థానం ఎక్కడో చెప్పే హక్కు ఆమెకు ఎవరిచ్చారు?

సాయంత్రం తొందరగా బయల్దేరి వచ్చేశాను. పైకి వెళ్ళకుండా నేరుగా సెల్లార్‌లోకి దిగాను. నీళ్ళ మోటారు గది పక్కన చిన్న అరుగు ఉంది, మా ఆయన సామాన్లు పెట్టుకునేది. దాని మీద నా బ్యాక్ రెస్ట్ పడుకోబెట్టి ఉంది. రెక్సిన్ విప్పేశారు. కడ్డీల నిండా తెల్లగా ముగ్గు. పక్కనే నా డబ్బా, మూత మీద నల్లటి వేలిముద్రలతో. అప్పుడే ఆవిడ బండి మీద లోపలికి వచ్చింది. హెల్మెట్ తీసి నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

నేను పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటే బయటికి వచ్చింది. "నా సీటుతోటి మీకేం పని?" అన్నాను.

"గురువుగారు చెప్పలేదాండీ?" అంది. ఆవిడ దగ్గరికి వచ్చి, కడ్డీ కింద మూల వెల్డింగ్ ఉన్న చోట వేలు పెట్టి చూపించింది. తెల్లటి ముగ్గు మీద వెంట్రుకంత సన్నటి నల్లగీత. పొడుగ్గా లేదు, కానీ కడ్డీ చుట్టూ సగం దాకా తిరిగి ఉంది.

"ఇక్కడ చీలిందండి. మామూలుగా చూస్తే కనపడదు. డీజిల్ పూసి తుడిచేసి, సుద్దపొడి చల్లితే, లోపలికి దిగిన డీజిల్ మెల్లగా బయటికి వచ్చి గీతలా కనిపిస్తుంది. నిన్న చైన్ చూస్తుంటే ఎందుకో ఆ మూల రంగు పెచ్చు లేచినట్టు అనిపించిందండి. మీరు ఆనుకుని ఉన్నప్పుడు ఫ్లైఓవర్ మీద ఇది తెగితే…" అని ఆపేసింది.

నేను ఆ గీతను చూస్తూ ఉండిపోయాను. నిజంగానే ఉంది. ఎన్ని నెలల నుంచి ఉందో, నేను రోజూ దానికి ఒరిగి, కళ్ళు మూసుకుని పాటలు వింటూ వెళ్ళాను.

అసూయ అక్కడితో చల్లారాలి. కథల్లో అయితే చల్లారేదే. నాకు ఇంకా పెరిగింది. నా వీపు ఆనే చోట చీలిక ఉందని నాకు తెలియలేదు, దాన్ని చేయించి తెచ్చిన నా మొగుడికీ తెలియలేదు, ఆమెకు తెలిసింది. కాపాడిన చేతికి దండం పెట్టాలి. నాకు ఆ చేతిని కొరకాలనిపించింది. "థాంక్సండి" అని చెప్పి, ముగ్గు డబ్బా తీసుకుని పైకి వచ్చేశాను. డబ్బాను సబ్బుతో కడిగాను. జిడ్డు పూర్తిగా పోలేదు.

మా ఆయన్ని అడిగితే, చెప్తే నువ్వు భయపడి ఇగ బండెక్కవని చెప్పలేదు అన్నాడు. శనివారం బాలానగర్ తీసుకెళ్ళి మళ్ళీ వెల్డింగ్ చేయిస్తానన్నాడు. శనివారం వచ్చేసరికి, ఆఫీసులో ఏదో అర్జెంటు పని పడింది, వెళ్ళాలి అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యాబ్‌లో వెళ్ళిపోయాడు. అది నా సీటు, నేనే చేయించుకొస్తాను అనుకుని, కడ్డీలను పాత దుప్పటిలో చుట్టి స్కూటర్ దగ్గరికి దిగాను. కాళ్ళ దగ్గర పెడితే హ్యాండిల్ తిరగడం లేదు. వెనక కడితే నిలబడడం లేదు. నాలుగో అంతస్తావిడ ఎదురైంది. తనకూ అటువైపు పని ఉందని, తన బండి మీద తీసుకెళ్తానని అంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. నాలో ఒక కారణం ఉంది కానీ అది చెప్పేది కాదు.

ఆమె వెనక కూర్చుని, కడ్డీల మూట ఒళ్ళో పెట్టుకుని, హైటెక్ సిటీ మీదుగా కూకట్‌పల్లి దాటి బాలానగర్ వెళ్ళాను. ఆమె బండి బాగా నడుపుతుంది. గుంతలు ముందే చూస్తుంది, బ్రేకు అదిరేలా వేయదు. నడుపుతున్నంతసేపూ ఒక్క తప్పయినా దొరుకుతుందేమో అని చూశాను. దొరకలేదు. ఇంజను మోతకు మాట్లాడుకునే వీలు లేకపోవడం నయమైంది.

వెల్డింగ్ షాపులో ఈసారి మూలకు ఒక ఇనుప ముక్క అదనంగా వేయమని ఆవిడ చెప్పింది. బరువు పడేది కింది మూల మీద కాదు, నేను వెనక్కి జరిగినప్పుడు పై వంపు దగ్గర, అక్కడ కూడా వేయించాలని నేను అన్నాను. ఆవిడ ఆ వంపును తడిమి చూసి, "అవునండి, కూర్చునేది మీరు కదా" అని ఒప్పుకుంది. ఇనుము చల్లారాక దాన్ని నేల మీద గట్టిగా ఆనించి పట్టుకోమని షాపతనికి చెప్పి, నేను ఒక కాలు వేసి నా బరువంతా మోపి ఊగి చూశాను. షాపతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, రెండో పక్క కూడా అలాగే చూడమంది.

పక్కన హోటల్లో టీ తాగుతున్నప్పుడు నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, మా ఆయన దగ్గర పని బాగా నేర్చుకుంటున్నారా అని అడిగాను. నా గొంతులో ఉన్న పుల్లదనం నాకే వినిపించింది.

"నిజం చెప్పమంటారా?" అంది. "మీ ఆయన బోల్టు బిగిస్తే మళ్ళీ విప్పడానికి ఇద్దరు కావాలండి, అంత బిగిస్తారు. మరలు పోతాయన్నా వినరు. పైగా ఒకటే మాటలు. నాకేమో పని చేసేటప్పుడు నిశ్శబ్దంగా ఉండటం ఇష్టం. పాపం, ఆయన ఆపరు. వద్దంటే బాధపడతారని వింటుంటానండి."

నేను గ్లాసు కింద పెట్టేశాను. మా ఆయన గురించేనా ఈమె చెప్పేది?

"ఇంతకీ ఇవాళ ఇంటర్వ్యూ ఎన్నింటికండి గురువుగారికి?" అని అడిగింది.

ఏ ఇంటర్వ్యూ అని అడగాల్సింది నేను. అడిగితే నా ఇంటి సంగతి నాకు తెలియదని ఆమెకు తెలిసిపోతుంది. అంతకంటే చావడం నయం అనిపించింది. "పదకొండుకు" అన్నాను. నోటికి వచ్చింది అన్నాను.

"దొరికేస్తుందిలెండి. ఖాళీగా ఆఫీసుకెళ్ళి కూర్చుని రావడం నరకం అని పాపం ఎన్నిసార్లు అన్నారో" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ప్రాజెక్టు అయిపోయాక ఇంకోటి దొరికేదాకా మనిషిని పని లేకుండా కూర్చోబెట్టడాన్ని మా ఆఫీసుల్లో బెంచ్ అంటారు. కొన్నాళ్ళు చూసి, ఇంటికి పంపేస్తారు. మా ఆయన బెంచ్ మీద ఉన్నాడు. రోజూ నన్ను దించి, వెళ్ళి ఖాళీగా కూర్చుని, సాయంత్రం ఎక్కించుకుని వస్తున్నాడు. దారంతా నేను ఆయన వీపు వెనకే ఉన్నాను. ఈ సంగతి ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

అంతవరకు నేను ఆమె కాళ్ళు చూసి, నవ్వు విని, పిలుపు విని కుళ్ళుకున్నాను. అవన్నీ ఏమీ కావని ఆ టీ కొట్టు ముందు తెలిసింది. ఆమె నా దగ్గర నుంచి తీసుకున్నది ఆయన మాటలు. అవి కూడా ఆమె అడిగి తీసుకున్నది కాదు. ఈయనే తీసుకెళ్ళి పోశాడు, ఆమె వద్దనలేక విన్నది. నాకు ఒక్క చుక్క దొరకని చోట ఆమెకు విసుగు పుట్టేంత. తిరిగి వస్తున్నంతసేపు హెల్మెట్ లోపల ఏడ్చాను. ముందున్న మనిషికి తెలియకుండా ఏడవడానికి హెల్మెట్ మంచి వస్తువు.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. పని అయిందా అంటే అయిందన్నాడు. నేను అన్నం పెట్టాను. ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూశాను, చెప్తాడేమో అని. ముఖంలోకి చూసేకొద్దీ ఆయన కంచంలోకి వంగాడు.

ఆదివారం పొద్దున పాత చుడీదార్ వేసుకుని, ఆయన కంటే ముందు సెల్లార్‌లోకి దిగాను. ఆవిడ అప్పటికే అక్కడ ఉంది. నన్ను చూసి, ఆ తర్వాత మెట్ల మీద దిగుతున్న ఆయన్ని చూసి, తనకు బజారు పని ఉందని బండి తీసి వెళ్ళిపోయింది. తెలిసి వెళ్ళిందో, నిజంగా పని ఉందో ఇప్పటికీ నేను అడగలేదు.

బ్యాక్ రెస్ట్ బిగించడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఒక పక్క బోల్టు తల తిరగకుండా పట్టుకుంటే, ఇంకొకరు రెండో పక్క నట్టు బిగించాలి. ఆయన అటు కూర్చున్నాడు, నేను ఇటు కూర్చున్నాను. మధ్యలో చక్రం. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. నేను నట్టు వేలితో ఎక్కించి, పానా పెట్టి తిప్పుతూ, "ఇంటర్వ్యూ ఎట్ల అయింది?" అన్నాను.

అవతలి పక్క పానా జారి కిందపడింది.

"మంచిగ కాలేదు" అన్నాడు దాన్ని వెతుక్కుంటూ.

నేను నట్టు బిగిస్తూ ఉన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. దసరా ముందు ప్రాజెక్టు అయిపోయిందని, మేనేజరు ఫోన్ ఎత్తడం మానేశాడని, క్యాంటీన్‌లో తోటివాళ్ళకు ఎదురుపడకుండా అందరూ తిన్నాక వెళ్తున్నానని, కొత్తగా వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నలకు ఇంటర్వ్యూల్లో జవాబులు రావడం లేదని. ఇన్ని మాటలు ఆయన నోటి నుంచి వరసగా రావడం నేను వినడం అదే మొదలు. చక్రం చువ్వల మధ్య నుంచి వస్తున్నాయి. వింటుంటే జాలి వేసింది, దానికంటే ఎక్కువ మండింది.

"ఆమెకు చెప్పినవ్. నాకు చెప్పలే" అన్నాను.

"ఆమెకు చెప్తే మాట ఈడనే ఉంటది. నీకు చెప్తే ఇంట్లకొస్తది" అన్నాడు. "పొద్దుగాల లేస్తే నీ ముఖంల ఫికర్ కనవడతది. అది చూసుకుంట నేను ఆఫీసుకు ఎట్ల పోవాలె?"

"నా ఇంట్లకు రాని మాట పరాయోళ్ళ చెవులకు ఎట్ల పోయింది? నిన్న బాలానగర్‌ల ఆమె అడుగుతే నాకు తెలిసినట్టు చెప్పిన. నా పరువు నేనే కాపాడుకున్న."

ఆయన చక్రం పక్క నుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు. క్షమించు అనలేదు, ఆ మాట మా ఇళ్ళల్లో ఎవరికీ అలవాటు లేదు. "ఇగ నీకే చెప్త" అన్నాడు. తర్వాత, నేను బిగించిన నట్టు చేతితో పట్టి చూసి, ఇంకో చుట్టు వెయ్యమన్నాడు. చాలు, ఇంకా బిగిస్తే మరలు పోతాయి అన్నాను. ఆ మాట ఆమె దగ్గర విన్నదే.

ఆ రోజు నుంచి ఆదివారాలు నావి. మొదట కాపలాకు దిగినట్టే దిగాను, ఒప్పుకుంటాను. తర్వాత తర్వాత చైన్ ఎంత వదులుగా ఉండాలో, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు దులపాలో, ప్లగ్ రంగు చూసి ఇంజను ఎలా ఉందో చెప్పడం వచ్చింది. చేతుల్లో పని ఉంటే మా ఆయన మాట్లాడతాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడడు. ఇన్నేళ్ళూ నేను ఎదురుగా కూర్చుని అడిగాను. ఆయనకు పని దొరకడానికి మరికొన్ని ఆదివారాలు పట్టింది. రెండు ఇంటర్వ్యూలు పోయాయి. పోయిన సంగతి రెండుసార్లూ మొదట నాకే తెలిసింది, ఆ పాడు వార్తలు విని లోపల ఎక్కడో సంతోషపడ్డాను కూడా. చివరికి వేరే కంపెనీలో, జీతం కొంచెం తగ్గినా, చేరాడు.

ఆవిడ తన బండి పని శనివారానికి మార్చుకుంది. నా స్కూటర్ కూడా చూసుకోవడం నేర్చుకోవాలని ఒక శనివారం నేనే వెళ్ళి అడిగాను. స్నేహం అనను. ఆమె పక్కన కూర్చుంటే అప్పటికీ నా చేతులు మొద్దుగా అనిపించేవి. ఆమె అరచేత్తో తుడిచిన పానా నేను మళ్ళీ తుడుచుకునేదాన్ని. కానీ ఆమె దగ్గర నిశ్శబ్దంగా పని చేయడం బాగుండేది. గంటసేపు ఒక్క మాట లేకుండా గడిపి, చేతులు కడుక్కుని ఎవరి ఇంటికి వాళ్ళం వెళ్ళేవాళ్ళం.

ఆ వేసవిలో ఆమెకు పుణె బదిలీ అయింది. బండి మీదే వెళ్తానంది. బయల్దేరే ఆదివారం పొద్దున మేమిద్దరం కిందికి దిగాం. మా ఆయన ఆమె సామాను తాళ్ళు లాగి చూశాడు, టైర్లలో గాలి చూశాడు, అన్నీ ఆమె అప్పటికే చూసుకుందని తెలిసీ చూశాడు. "జాగ్రత్తండి గురువుగారూ, బోల్టులు కొంచెం మెల్లగా బిగించండి" అని నవ్వి, నాకు చేయి ఊపి, గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె బండి మోత సందు చివర మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా మా ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. పైకి వచ్చాక టిఫిన్ సగం తిన్నాడు. టీవీ పెట్టుకుని చూడలేదు. నేను పుట్టింటికి వెళ్ళి వారం ఉండి వచ్చినా ఈ మనిషి ఇంత దిగులు పడలేదు కదా అనుకున్నాను. పోయిందనుకున్న మంట మళ్ళీ రాజుకుంది.

కాసేపటికి ఆయనే లేచి, "దా, కిందికి పోదాం. నీ స్కూటర్ బ్రేకులు చూద్దాం, వానలు వస్తయి" అన్నాడు.

"అయినయి. నిన్ననే చూసినం" అన్నాను.

"ఎవరు?"

"నేనూ ఆమెనూ. వెనక చక్రం ఇప్పి బ్రేక్ షూలు మార్చినం. అంతా నేనే చేసిన, ఆమె ఊకె కూసున్నది."

ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. చేతిలో సామాన్ల సంచి అలాగే ఉంది.

"మరి నన్ను పిలువలేదేంది?" అన్నాడు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఎన్నో ఆదివారాలు గ్రిల్ దగ్గర నిలబడి, నా లోపల నేను విన్న గొంతే. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టాను.